దిబ్బ అమ్మిన లెక్క

మా బట్టల కొట్టు పాత చిట్టాలన్నీ అటక మీద ఉన్నాయి. 2007 నాటిది మాత్రం కిందికి దించి సొరుగులో పెట్టుకున్నాను. చీరెలూ పంచెలూ లుంగీల పద్దుల మధ్య, వేసవి పేజీల్లో, ఒక పద్దు ఉంటుంది: "దిబ్బ ఇసుక. 1,900 ట్రక్కులు. ట్రక్కు 120 చొప్పున 2,28,000." నా చేతిరాతే. కింద రెండు గీతలు కూడా కొట్టాను. మంచి రాబడి వచ్చినప్పుడు అలా గీతలు కొట్టడం నాకు అలవాటు.

కూడికలో పొరపాటు లేదు. రాసిన పక్క తప్పు. ఖర్చు కింద రాయవలసినదాన్ని జమ కింద రాశాను. నలభై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక తుఫానూ, మా అక్క కొడుకూ కావలసివచ్చారు.

చీరాల నుంచి వాడరేవు వెళ్ళి, తీరం వెంట కాస్త దూరం నడిస్తే, మా నాన్న కొన్న మూడెకరాల ఇసుక నేల వస్తుంది. సముద్రం వైపు నుంచి చెబుతాను. ముందు తడి ఇసుక. తరవాత నేలబారున పాకే బాలబంద తీగ, దాని ఊదారంగు పూలు. ఆ తీగ పట్టుకున్న చోట నుంచి దిబ్బ లేస్తుంది. మా దిబ్బ వంద గజాల పొడవు, మూడు నిలువుల ఎత్తు. దిబ్బ వెనక పల్లంలో తాళ్ళు, కొంత సరుగుడు తోట, మిగిలిన నేలలో దొరువు.

దొరువంటే చీరాల బాపట్ల వైపు ఇసుక నేలల్లో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇసుకలో గరాటులాగా ఏటవాలుగా తవ్విన గొయ్యి. నాలుగైదు అడుగులకే నీళ్ళు పడతాయి. అంచున మెట్టుగా చేసుకుని దిగి, కడవలతో ముంచి మొక్కలకు పోస్తారు. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఆ నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉంటాయి. వాన నీరు ఇసుకలో ఇంకి, గింజకూ గింజకూ మధ్య సందుల్లో నిలిచి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. పైపైన తోడుకున్నంతకాలం తీపి, అత్యాశకు పోయి లోతుకు తవ్వితే ఉప్పు. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ పద్ధతినే మెరుగుపరిచి, ఇసుకలో పక్కలకు చిల్లుల గొట్టాలు వేసి నీటిని ఒకచోటికి చేర్చే దొరువు తయారుచేశారు. మాది పాత పద్ధతి దొరువే.

ఆ నేలను ఒక పెద్దావిడ కౌలుకు చేసేది. మా ఇంట్లో అందరం ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళం. వంగ నారు, మిరప నారు, తోటకూర, కొంత వేరుశనగ. రెండు కడవలతో దిగి, రెండు కడవలతో ఎక్కేది.

మా నాన్న ఆ దిబ్బను ప్రహరీ అనేవాడు. "మనం కట్టలేదు, కూలీ ఇవ్వలేదు, దాన్ని కదిలించొద్దు" అనేవాడు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన రాత్రి, మా వైపు గాలికి తాళ్ళు విరిగాయట గానీ దిబ్బ వెనక పాకల్లోకి సముద్రం రాలేదట. ఆ కథ నేను వందసార్లు విన్నాను. వందసార్లు విన్న కథకు విలువ ఉండదు కదా. ఆయన పోయాక ఆ మాటా ఆయనతోనే పోయింది.

2007 వేసవిలో ఒక మేస్త్రీ కొట్టుకు వచ్చాడు. ఊరి చుట్టూ ప్లాట్లు పడుతున్న రోజులు. పల్లపు స్థలాలు మెరక చెయ్యడానికి ఇసుక కావాలి. "షావుకారుగారూ, మీ దిబ్బ ఊరకే పడి ఉంది" అన్నాడు. ఊరకే పడి ఉన్న సరుకు అంటే వ్యాపారస్థుడికి కడుపులో మంట. నాకు అప్పుడు అమ్మాయి పెళ్ళి కూడా ఉంది. ఆ మాట ఇప్పుడు ఎత్తితే సాకు అవుతుంది, కాబట్టి ఎత్తి వదిలేస్తున్నాను.

బేరం కుదిరిన మర్నాడు పెద్దమ్మ కొట్టుకు వచ్చింది. లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చుంది.

"దిబ్బ తీస్తే దొరువు చెడుద్ది నాయనా."

"సముద్రం ఒడ్డున ఇసుకకు కరువా పెద్దమ్మా? రెండేళ్ళు ఆగు, గాలే తెచ్చి పోస్తుంది" అన్నాను.

ఆమె ఇంకేమీ అనలేదు. కౌలుదారు ఇంకేం అంటుంది? నేల నాది.

ట్రక్కులు రాత్రిపూట నడిపిద్దామన్నాడు మేస్త్రీ. ఎందుకని నేను అడగలేదు. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ 1991 ఫిబ్రవరి 19న వచ్చింది. తీరంలో ఇసుక తవ్వకూడదని, దిబ్బలను చదును చెయ్యకూడదని అందులో ఉంది. ఆ కాగితం నేను చదవలేదని చాలాకాలం చెప్పుకున్నాను. నిజమే, చదవలేదు. కానీ పట్టపగలు చేసుకోదగిన పని రాత్రి ఎందుకు చేస్తున్నారని అడగలేదంటే, సంగతి తెలుసుననే అర్థం. నెల తిరక్కుండా మూడు నిలువుల దిబ్బ మోకాలి ఎత్తు అయింది. తోటలోంచే సముద్రం కనబడుతోందని మా పిల్లలు సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను.

గాలి తెచ్చి పోస్తుందన్న ఇసుక మొదటి ఏడు రాలేదు, రెండో ఏడూ రాలేదు. మూడో ఏడు, 2010 మే 20న, లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కాలవకు గండిపడితే నీళ్ళు ఎలా వస్తాయో, దిబ్బ లేని ఆ వంద గజాల మేర నుంచి సముద్రం అలా లోపలికి వచ్చింది. అటూ ఇటూ పక్కవాళ్ళ దిబ్బలు నిలబడే ఉన్నాయి. నీళ్ళు నా వాకిట్లోంచి దూరి వాళ్ళ తోటల్లోకి కూడా పోయాయి. తెల్లారి చూస్తే దొరువు నిండా నీళ్ళే. దోసిట పట్టి నోట పోసుకున్నాను. ఉప్పు.

ఇక్కడ నా రెండో తప్పు. తుఫానుకు ఎవరేం చేస్తారని ఊరంతా చెప్పుకుని తిరిగాను. పక్క తోటల వాళ్ళ ముఖం చూడలేక నేనే ముందు ఆ మాట ఎత్తేవాణ్ణి. పెద్దమ్మ కౌలు వదిలేసి వేటపాలెం జీడిపప్పు బట్టీకి కూలికి పోయింది. ఆ ఏడు కౌలు డబ్బులు వద్దన్నాను. అది కూడా చిట్టాలో దానం కింద రాశాను.

మా అక్క కొడుకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివి, సముద్రంలో గ్యాసు బావులు తవ్వే పనిలో ఉన్నాడు. 2011 సంక్రాంతికి వచ్చినప్పుడు వాణ్ణి నేల చూపించడానికి తీసుకెళ్ళాను. "సముద్రం తీసుకుంది, సముద్రమే ఇస్తుంది" అన్నాను, పెద్దరికంగా. వాడు ఏమీ అనకుండా ఫోనులో ఒక బొమ్మ తీసి చూపించాడు. భూతద్దంలో తీసిన ఇసుక. తెల్లటి గింజలు, మధ్యమధ్య నల్లటి గింజలు.

"ఇది ఏ వాగు ఇసుకరా?"

"సముద్రంలోది మామయ్యా. వెయ్యి మీటర్ల నీళ్ళు దాటి, అడుగు నేలలో ఇంకా కిందికి తవ్వితే వచ్చింది."

సముద్రం అడుగున అంత లోతులో బురద ఉంటుంది గానీ ఏటి ఇసుక ఎలా ఉంటుందని అడిగాను. వాడు దొరువు అంచున కూర్చుని కాలితో కొంత ఇసుక తోశాడు. అది ఏటవాలు మీద జరజరా జారి, దారిలో ఇంకాస్త ఇసుకను కలుపుకుని, అడుగున నీళ్ళలో విసనకర్రలాగా పరుచుకుంది.

"ఇంతే" అన్నాడు. "మన ఒడ్డు నుంచి సముద్రం మెల్లగా వాలుతూ పోతుంది. వంద, రెండొందల మీటర్ల లోతు దగ్గర ఆ మెట్ట అయిపోయి అంచు వస్తుంది. అంచు దాటితే వేల మీటర్ల దిగుడు. ఆ దిగుడు నున్నగా ఉండదు. కొండ చరియల్లో వాగులు కోసినట్టు లోయలు కోసుకుని ఉంటాయి. ఇసుక వాటిల్లోంచి దిగిపోతుంది."

ఆ లోయల్లో కొన్నింటికి మన పేర్లే ఉన్నాయి. యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్రశాస్త్రవేత్త 1950లలో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1964లో ప్రచురించిన వ్యాసంలో ఆయన మన తూర్పు తీరం ఎదుట ఉన్న మూడు లోయలను వివరించాడు. వాటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలోనే భూగర్భశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశాడు. పుట్టినప్పటి నుంచి ఆ సముద్రం పక్కనే ఉండి, కృష్ణ పేరుతో నీళ్ళ కింద ఒక లోయ ఉందని నేను యాభై ఏళ్ళు దాటాక విన్నాను.

ఇసుక నీళ్ళలో అంత దూరం పోతుందంటే నాకు నమ్మకం కలగలేదు. అప్పుడు మావాడు నాకు నచ్చే సాక్ష్యం చెప్పాడు, లెక్కల సాక్ష్యం. 1929 నవంబరు 18న కెనడా దగ్గర న్యూఫౌండ్‌లాండ్ దక్షిణాన సముద్రంలో భూకంపం వచ్చింది. అట్లాంటిక్ అడుగున పరిచిన టెలిగ్రాఫ్ తీగలు పన్నెండు తెగాయి. భూకంపం దగ్గరివి అప్పటికప్పుడు తెగాయి. దూరంగా, లోతులో ఉన్నవి మాత్రం ఒకదాని తరవాత ఒకటి, వరసగా, గంటల తరబడి తెగుతూ పోయాయి. ఏ తీగ ఏ వేళకు తెగిందో నిమిషాలతో సహా నమోదై ఉంది. ఆ వేళలనూ తీగల మధ్య దూరాలనూ పెట్టి హీజెన్, యూయింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1952లో అసలు సంగతి తేల్చారు. వాలు మీద జారిన ఇసుకా బురదా నీటితో కలిసి బరువైన వరదగా మారి, సముద్రం అడుగునే పరుగెత్తి, ఎదురొచ్చిన తీగనల్లా తెంచుకుంటూ పోయింది. పైన ఓడలో ఉన్నవాడికి ఆ వరద సంగతే తెలియదు.

తరవాత నేను కూడా ఇలాంటివి వెతికి చదవడం మొదలుపెట్టాను. 2020 జనవరిలో ఆఫ్రికాలో కాంగో నది నోటి దగ్గర మొదలయ్యే లోయలో ఇలాంటి వరదే 1,100 కిలోమీటర్లకు పైగా పోయి ఇంటర్నెట్ తీగలు తెంచింది. మన బంగాళాఖాతంలో గంగ నోటి ఎదుట ఉన్న లోయకు, తాడు వేస్తే అడుగు తగలని చోటు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు నావికులు. ఆ దారిన దిగిన హిమాలయాల మట్టీ ఇసుకా సముద్రం అడుగున సుమారు 3,000 కిలోమీటర్లు, శ్రీలంక దాటి, పరుచుకుని ఉన్నాయి. ఆ అడుగున నదుల్లాగే మెలికలు తిరిగే కాలవలున్నాయి, వాటికి గట్లున్నాయి. కృష్ణా గోదావరుల వాటా కూడా పడమటి అంచున కలిసి ఉంది.

"మరి ఆ ఇసుక మళ్ళీ ఒడ్డుకు రాదా?" అని అడిగాను ఆ రోజు.

"అల కదిలించగలిగేది ఒడ్డు దగ్గరి ఇసుకనే మామయ్యా. ఈశాన్య గాలుల్లో దక్షిణానికీ, నైరుతి గాలుల్లో ఉత్తరానికీ తోస్తుంది. ఒడ్డు వెంట ఎంత తిరిగినా ఆశ ఉంటుంది. అంచు దాటిందంటే ఇంక అది మన తరాల లెక్కలో లేదు."

నాకు అప్పుడు ఒక సందేహం వచ్చింది. అంతా అలా దిగిపోతే మా దిబ్బ ఎక్కడిది? నేను ఆ నేల గురించి అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ట్రక్కులు రాకముందు అడిగి ఉండవలసింది.

సుమారు 20,000 ఏళ్ళ కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేదట. అంటే ఇప్పుడు మన పడవలు తిరిగే చోటు చాలావరకు నేల. కృష్ణ ఆ నేల మీదుగా నడిచి, అంచు దాకా పోయి, తెచ్చిన ఇసుకను నేరుగా లోయ నోట్లో పోసేది. మంచుయుగాలు వచ్చినప్పుడల్లా అదే జరిగింది. తరవాత మంచు కరిగి సముద్రం ఎక్కింది. నది నోరు వెనక్కి జరిగింది. అంచుకూ నదికీ మధ్య వెడల్పాటి మెట్ట మునిగింది. దాంతో ఇసుక అంచు దాకా పోలేక ఒడ్డునే ఆగడం మొదలైంది. గత ఆరేడు వేల ఏళ్ళుగా అలా ఆగినదాన్ని అలలూ గాలీ వరసలు వరసలుగా పేర్చాయి. బాపట్ల, చీరాల వైపు సముద్రానికి సమాంతరంగా కనబడే ఇసుక మెరకలు ఆ పాత ఒడ్డులే. వాటి మీదే మన ఊళ్ళు కట్టుకున్నాం.

లోతుకు పోయినదాని సంగతి కూడా చెప్పాలి. రిలయన్స్ వాళ్ళు 2002లో కృష్ణా గోదావరి బేసిన్ లోతు సముద్రంలో గ్యాసు కనుక్కున్నారని, 2009 ఏప్రిల్‌లో పైకి తీయడం మొదలైందని పేపర్లలో అందరం చదివాం. ఆ గ్యాసు ఉన్నది వెనకటి యుగాల్లో లోయల దారిన దిగి, అడుగు కాలవల్లో పేరుకుని, బురద కింద కప్పబడిపోయిన ఇసుకలోనే. గింజకూ గింజకూ మధ్య సందుల్లో. మా దొరువులో తీపి నీళ్ళు ఉండేదీ ఆ సందుల్లోనే. ఇసుక ఎక్కడున్నా ఏదో ఒకటి దాచిపెడుతుంది. సముద్రం తీసుకున్న ఇసుక మా మేనల్లుడికి అన్నం పెడుతోంది. సముద్రం మనకు వదిలిన ఇసుక పెద్దమ్మకు అన్నం పెట్టింది. ఆ రెండోదాన్ని నేను ట్రక్కు 120కి అమ్మాను.

పోనీ, అమ్మినంత మళ్ళీ వస్తుందా? కొట్టు నడిపేవాడు సరుకు అయిపోతే వెనక నుంచి వచ్చే లోడు ఎంతని చూస్తాడు. నేను అది కూడా చూడలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1960ల చివర్లో కృష్ణ ఏటా సముద్రానికి తెచ్చిన ఒండ్రు సుమారు 90 లక్షల టన్నులు. 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. మిగిలింది ఆనకట్టల వెనక ఆగిపోయింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలినప్పుడు మా నాన్న తరం పండగ చేసుకుంది. ఆ పండగను నేను తప్పుపట్టను. కొమ్మమూరు కాలవ కింద అన్నం తిన్నవాళ్ళమే. కాలవకు నీళ్ళు వచ్చాయి, ఇసుక జలాశయం అడుగున ఉండిపోయింది. ఆ పరిశోధకులే 1965 నుంచి 2008 దాకా లెక్క కట్టి, కృష్ణా గోదావరి డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్లు కోతకు గురైందని తేల్చారు. అంటే నేను "గాలే తెచ్చి పోస్తుంది" అన్ననాటికి, తెచ్చేవాడి చేతులు ఖాళీ అయి చాలా ఏళ్ళయింది.

ఆ సంక్రాంతి వెళ్ళాక వేటపాలెం వెళ్ళాను. బట్టీ దగ్గర సాయంత్రం దాకా కాచుకున్నాను. పెద్దమ్మ జీడిపిక్కల నూనెకు పొక్కిన చేతులతో బయటికి వచ్చింది. తప్పు నాదే, తుఫానుది కాదు అన్నాను. నాలుగేళ్ళు పట్టింది ఆ మాట నోటికి రావడానికి. ఆమె కోపపడితే బాగుండేది. "నీళ్ళు తియ్యబడితే కబురు చెయ్యి నాయనా" అని బస్సెక్కింది.

2012 నుంచి దిబ్బ పెంచే పనిలో ఉన్నాను. పెంచడమంటే మనం చేసేది కొంచెమే. గాలికి అడ్డంగా తాటాకు తడికలు పాతాలి. ఇసుక వాటి మొదట్లో పేరుకుంటుంది. అవి మునిగాక పైన ఇంకో వరస. పక్క దిబ్బల నుంచి బాలబంద తీగ ముక్కలు తెచ్చి నాటాను. పశువులనూ మనుషులనూ తొక్కనివ్వకపోతే తీగ తన పని తాను చేస్తుంది. బండరాళ్ళు పోయించమన్నారు కొందరు. రాళ్ళు వేస్తే అల పక్కవాడి ఇసుక తవ్వుకుపోతుంది. ఒకసారి పక్కవాళ్ళ తోట ముంచినవాణ్ణి, రెండోసారి ఆ పని చెయ్యలేను. పక్క తోటల వాళ్ళకు ఆ ఏటి నష్టం కొంత కొంతగా కట్టాను. ఒకాయన తీసుకోలేదు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. అది ఆయన హక్కు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మళ్ళీ బాపట్ల దగ్గరే తీరం దాటింది. పదకొండేళ్ళలో ఛాతీ దాకా లేచిన దిబ్బను సముద్రం నడుము దాకా కోసింది. కానీ నీళ్ళు దిబ్బ దాటి రాలేదు. మూడు నిలువుల దిబ్బ చెయ్యగలిగిన పనిలో నడుమెత్తు దిబ్బ ఏపాటి చేస్తుందో ఆపాటి చేసింది.

తీరంలో గజం నేల ఉన్నవాళ్ళకు నా మాట ఒకటే. దిబ్బను సరుకనుకోకండి. కృష్ణ ఎక్కడో మహాబలేశ్వరం కొండల దగ్గర పుట్టి, పద్నాలుగు వందల కిలోమీటర్లు మోసుకొచ్చి, లోయ నోటికి అందకుండా మన గుమ్మంలో దించి పోయిన ఇసుక అది. ఇప్పుడు ఆ మోత కూడా దాదాపు ఆగిపోయింది. ట్రాక్టరు పిలిచే ముందు దొరువులోకి దిగి ఒక దోసెడు నీళ్ళు తాగి చూడండి. ఆ రుచి ఎక్కడి నుంచి వస్తోందో ఎవరినైనా అడగండి. కౌలుకు చేసేవాళ్ళు అరుగు మీద కూర్చుని ఏదైనా చెబితే, నేల మీదే అయినా సరే, పూర్తిగా వినండి.

మొన్న టేపు పెట్టి దిబ్బ కొలిచాను. ట్రక్కుల్లోకి మార్చి, 2007 చిట్టాలో ఆ పాత పద్దు పక్కనే రాశాను. తిరిగి వచ్చింది 140 ట్రక్కులు. బాకీ 1,760. దొరువు నీళ్ళు మునుపటంత ఉప్పు లేవు గానీ నారుకు ఇంకా పనికిరావు. పెద్దమ్మకు ఇంకా కబురు చెయ్యలేదు.